గుండీ ఎవరిది, బొత్తాం ఎవరిది? బట్టలు బిగించుకునే మాటల వెనకున్న కథ

మా ఆపా కూతురు ఆరో తరగతి. మొన్న స్కూల్లో తెలుగు పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చారు. "ఆటలో నా చొక్కా గుండీ ఊడిపోయింది" అని ఒక వాక్యం రాసిందట. టీచరమ్మ 'గుండీ' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "ఉర్దూ మాట, బొత్తాము అని రాయాలి" అని రాసి అర మార్కు తీసేశారు.

అర మార్కు పెద్ద విషయమేం కాదు. కానీ ఆ పిల్ల సాయంత్రం నా దగ్గరికొచ్చి అడిగిన మాటే ఇబ్బంది పెట్టింది. "మామూ, మనింట్లో మాట్లాడేది సరైన తెలుగు కాదా?"

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక మార్పు కనిపించింది. మా నానీతో మాట్లాడేటప్పుడు కూడా పిల్ల ఆచితూచి మాట్లాడుతోంది. నాడా అనాలా, బొందు అనాలా అని ఒక క్షణం ఆగుతోంది. పదకొండేళ్ల పిల్ల సొంత ఇంట్లో మాటలు లెక్కపెట్టుకుని మాట్లాడటం నాకు నచ్చలేదు. నేను చదివింది బీకాం. ఎక్కడ లెక్క తప్పినా ఖాతా పుస్తకం మొదటి పేజీ నుంచి చూడటం అలవాటు. అందుకే ఈ మాటల ఖాతా కూడా తీశాను. ఏ మాట ఎక్కడి నుంచి జమ అయింది, మన దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్లింది అని చూశాను. చూసేకొద్దీ ఆశ్చర్యంగా ఉంది.

బొత్తాం ఎక్కడిది?

ముందు టీచరమ్మ సరైందని చెప్పిన మాటతోనే మొదలుపెడదాం. బొత్తాము అచ్చ తెలుగు మాట కాదు, సంస్కృతం కూడా కాదు. అది పోర్చుగీసు మాట. వాళ్ల భాషలో దాన్ని 'బొతావ్' లాగా పలుకుతారు. బెంగాలీలో 'బోతామ్', తమిళంలో 'పొత్తాన్' కూడా ఆ కుటుంబం మాటలే.

పోర్చుగీసువాళ్లు 1498లో కాలికట్ చేరారు. తర్వాత రెండు శతాబ్దాలు మన తీరప్రాంత రేవుల్లో వ్యాపారానికి వాళ్ల భాషే కొంత సంకరంగా నడిచింది. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చాక కూడా రేవులో బేరానికి ఆ పోర్చుగీసే పనికొచ్చేది. అల్మారా, మేస్త్రీ, తువాలు లాంటి మాటలు మన నోట్లో నిలిచిపోయింది అలాగే. హనుమాన్ జంక్షన్‌లో నిలబడితే ఒక రోడ్డు నూజివీడుకి, ఒకటి గుడివాడ మీదుగా బందరుకి పోతుంది. ఆ బందరు, అంటే మచిలీపట్నం, గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. ఇరాన్ వ్యాపారులు, అరబ్బులు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అందరూ దిగిన చోటు. సరుకుతోపాటు మాటలూ అక్కడ దిగాయి.

సరే, మరి పోర్చుగీసువాళ్లకైనా ఆ మాట సొంతమా అంటే అదీ కాదు. వాళ్లకది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో 'బొతోన్' అంటే పొడుచుకొచ్చినది, మొగ్గ, గుండీ. 'నెట్టు' అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టింది. ఆ 'బొతోన్' ఒక దారిలో ఇంగ్లండుకి వెళ్లి 'బటన్' అయింది. ఇంకో దారిలో పోర్చుగల్‌కి వెళ్లి, అక్కడి నుంచి ఓడెక్కి మన దగ్గర 'బొత్తాం' అయింది. అంటే మనం బటన్ అన్నా బొత్తాం అన్నా ఒకే పాత ఫ్రెంచి మాటని రెండు యాసల్లో పలుకుతున్నాం అన్నమాట.

ఇక గుండీ. ఉర్దూ, హిందీల్లో 'ఘుండీ' ఉంది, తెలుగు నిఘంటువుల్లో గుండీ ఉంది. ఘుండీ అంటే అసలు అర్థం బట్టతోనో దారంతోనో ముడేసి గుండ్రంగా చేసిన గుండీ. మూడు మాటల్లోనూ ఈ దేశపు నేల మీద పుట్టింది ఏదైనా ఉంటే అది గుండీయే. ఎర్ర సున్నా పడింది దానికే!

కాజా అంటే ఇల్లు

గుండీ పట్టే కన్నాన్ని మన టైలర్లందరూ 'కాజా' అంటారు. "కాజాలు కుట్టించాలి, రేపు రండి" అనే మాట వినని ఇల్లు ఉండదు. ఇదీ పోర్చుగీసు నుంచి వచ్చిందే. వాళ్ల భాషలో 'కాజా' అంటే ఇల్లు. చొక్కా మీద గుండీ దూరే కన్నాన్ని కూడా వాళ్లు గుండీ ఇల్లు అనే అంటారు. ఉర్దూ, హిందీల్లో అది 'కాజ్' అయింది, తెలుగులో కాజాగానే మిగిలింది.

ఈ సంగతి మా మేనకోడలికి చెబితే, "అయితే గుండీ ఊడితే ఇల్లు ఖాళీ అయినట్టా మామూ?" అంది. అంతే మరి.

కాజా కుట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ అందులో నేర్పు ఉంది. బట్టకి కత్తెరతో గాటు పెడితే పోగులు ఊడిపోతాయి. ఆ అంచు చుట్టూ దగ్గర దగ్గరగా దారంతో ముడి కుట్టు వేస్తేనే కన్నం నిలుస్తుంది. యూరప్‌లో చాలాకాలం గుండీలు ఎక్కువగా అలంకారానికే ఉండేవి. 13వ శతాబ్దం నుంచి కాజా కోసి కుట్టే పద్ధతి అక్కడ బాగా వ్యాపించింది. దాంతో బట్టల ఆకారమే మారింది. తలమీదనుంచి తొడిగే వదులు అంగీల స్థానంలో ఒంటికి అతుక్కునే చొక్కాలు, మోచేతి దాకా వరసగా గుండీలున్న చేతులు వచ్చాయి.

మన వైపు పాత పద్ధతి వేరు. బట్టని కొయ్యకుండానే పని జరిగేది. ఒక వైపు ముడేసిన ఘుండీ, రెండో వైపు దారపు ఉచ్చు. ఆ ఉచ్చుని ఉర్దూలో 'తుక్మా' అంటారు. అది తుర్కీ భాషల నుంచి ఫార్సీ ద్వారా వచ్చింది. ఇప్పటికీ తుర్కియేలో గుండీని 'దూమె' అంటారు, అదీ ఇదీ ఒక్క మాటే.

ఇంగ్లీషువాళ్ల మాటలూ అప్పువే

మనవాళ్లకి ఇంగ్లీషు మాట అంటే గౌరవం. బటన్, బకిల్, లేసు అంటే ఎవరూ ఎర్ర సున్నా చుట్టరు. కానీ ఆ మాటలు ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయో చూడండి.

1066లో ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచారు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు రాజుగారి కొలువులో, కోర్టుల్లో, పెద్దింటి లెక్కల్లో ఫ్రెంచి నడిచింది. పొలంలో రైతు మాత్రం ఇంగ్లీషే మాట్లాడాడు. కోర్టులో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేయడానికి 1362 దాకా పట్టింది. ఇంగ్లండులో అలా స్థిరపడిన ఫ్రెంచిని పండితులు ఆంగ్లో-ఫ్రెంచి అంటారు. మన దగ్గర ఫార్సీ ఎలా దర్బారు భాషగా, లెక్కల భాషగా ఉండి తెలుగులోకి జమీను, దస్తావేజు, జమ, వసూలు లాంటి మాటలు ఇచ్చిందో అచ్చం అలాగే.

బట్టల మాటల్లో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. హుక్కు, పిన్ను, గర్డిల్ లాంటి మొరటు పాత మాటలు ఇంగ్లీషువే. బకిల్, బటన్, లేసు, టాసెల్, బ్రోచ్ లాంటి సోకు మాటలు ఫ్రెంచి నుంచి వచ్చాయి.

బకిల్‌కి మూలం లాటిన్‌లో 'బుక్కులా', అంటే చిన్న బుగ్గ. రోమన్ సిపాయిల ఇనప టోపీకి చెంప దగ్గర ఉండే పట్టీ పేరది. అక్కడి నుంచి ఫ్రెంచిలో 'బూక్ల్' అయింది, ఇంగ్లీషులో బకిల్ అయింది. లేసుకి మూలం లాటిన్‌లో ఉచ్చు అనే మాట. వేటగాడి ఉచ్చు కాస్తా బూటు లేసు అయిందన్నమాట.

బెల్టులో ఒక్కో ముక్కకీ వాళ్లకి ఒక్కో పేరుంది. బకిల్ మధ్యలో కదిలే చిన్న పుల్లని మనలో కొందరు ముల్లు అంటారు, కొందరు పుల్ల అంటారు. దానికి ఆంగ్లో-ఫ్రెంచిలో 'హార్దిలోన్' అని పేరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని నాలుక అన్నారు. బెల్టు చివర అరిగిపోకుండా వేసే లోహపు తొడుగుని 'మోర్దాన్' అన్నారు, అంటే కరిచేది అని అర్థం.

లండన్‌లో నడికట్లు చేసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక సంఘం ఉండేది. 1327లో మూడో ఎడ్వర్డు రాజు వాళ్లకి అధికార పత్రం ఇచ్చాడు. సీసం, తగరం లాంటి నాసి లోహాలతో బెల్టుల మీద బిళ్లలు వేసి జనాన్ని మోసం చేయకూడదు, ఇత్తడి, రాగి, ఇనుము, ఉక్కు మాత్రమే వాడాలని అందులో నిబంధన. ఇవాళ మనం సరుకు మీద ఐఎస్ఐ మార్కు చూసినట్టే అప్పుడు బెల్టుకి కూడా నాణ్యత లెక్క ఉండేది.

ఆ సంఘం ఇప్పటికీ ఉంది. ఈస్టిండియా కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న రాబర్ట్ బెల్ అనే వ్యాపారి ఆ బెల్టుల సంఘానికి కూడా పెద్ద. ఆయన మొగల్ పాలనలో ఉన్న లాహోర్‌లో ఒక కార్పెట్ నేయించి 1634లో సంఘానికి బహుమతిగా ఇచ్చాడు. అది ఇప్పటికీ వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. దాన్ని నేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

పిల్లల కోసం మాటల పుస్తకం

13వ శతాబ్దంలో ఇంగ్లండులో వాల్టర్ ఆఫ్ బిబ్బెస్‌వర్త్ అనే ఒక నైట్ ఉండేవాడు. డియోనీస్ అనే ఒక జమీందారిణి తన పిల్లలకి ఫ్రెంచి నేర్పాలనుకుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఎస్టేటు చూసుకోవాలంటే ఫ్రెంచి కావాలి, ఇంట్లో మాత్రం ఇంగ్లీషు. ఆమె కోసం వాల్టర్ ఫ్రెంచి పద్యాల్లో ఒక మాటల పుస్తకం రాశాడు. వరసల మధ్యలో కష్టమైన మాటలకి ఇంగ్లీషు అర్థాలు ఉంటాయి.

ఆ పుస్తకం బిడ్డ పుట్టుక దగ్గర మొదలై బట్టలు, తిండి, పొలం, పశువులు, విందు భోజనం దాకా వెళ్తుంది. పిల్లలు బట్టలు వేసుకునే చోట దేన్ని కడతారు, దేన్ని ముడేస్తారు, దేన్ని బిగిస్తారు అని ఒక్కోదానికి తగిన మాట చెబుతాడు. బెల్టు బకిల్ పుల్ల పేరూ, ఆరెతో పొడిచిన కన్నంలోంచి ఆ పుల్ల దూరడమూ అందులో ఉన్నాయి. ఏడు వందల ఏళ్ల కిందటి పిల్లవాడు బెల్టు పెట్టుకోవడం కళ్లకి కట్టినట్టు తెలిసేది ఇలాంటి పుస్తకాల వల్లే.

మనకీ ఇలాంటిది ఉంది. పాత తరం వాళ్లు మదరసాలో 'ఖాలిక్ బారీ' చదివేవాళ్లు. అమీర్ ఖుస్రో పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యాల నిఘంటువు అది. అరబీ, ఫార్సీ మాటలకి హిందవీ అర్థాలు పాటలా ఉంటాయి. మా నానీకి అందులో కొన్ని వరసలు ఇంకా నోటికొచ్చు. తెలుగులో సీపీ బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. అంతటితో ఆగలేదు. కోర్టుల్లో, కచేరీల్లో, బజార్లో తెలుగులో కలిసి నడుస్తున్న ఉర్దూ, ఫార్సీ, ఇతర భాషల మాటలకి విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు 1854లో తెచ్చాడు. జనం వాడే మాటని తప్పు మాట అని బయటపడేయకుండా లెక్కలోకి తీసుకున్నాడు.

మన దగ్గర్నుంచి వెళ్లిన మాటలు

ఖాతా అంటే ఒక వైపే ఉండదు కదా. ఇటు నుంచి వెళ్లినవి కూడా చూడాలి.

ఇంగ్లీషువాళ్ల ఓడ 'గ్లోబ్' 1611లో మచిలీపట్నం చేరింది. వాళ్లు అక్కడ వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. దాదాపు ఆ కాలంలోనే ఇంగ్లీషు రాతల్లో 'కమర్‌బండ్' అనే మాట కనిపించడం మొదలైంది. అది మన కమర్‌బంద్. ఫార్సీలో కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. తెలుగులో నడికట్టు. ఈరోజు విదేశాల్లో పెద్ద పార్టీలకి సూటు వేసుకునే మగవాళ్లు నడుముకి పట్టు పట్టీ కట్టి దాన్ని కమర్‌బండ్ అనే అంటారు. పైజామా కూడా అంతే. పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట. ఇప్పుడది ప్రపంచమంతా రాత్రి పూట వేసుకునే బట్ట.

అన్నిటికంటే మన నూజివీడు వాళ్లకి దగ్గరిది 'మ్యాంగో'. తమిళ, మలయాళాల్లోని 'మాంగా'ని పోర్చుగీసువాళ్లు 'మంగ' చేసుకున్నారు, అక్కడి నుంచి ఇంగ్లీషులో మ్యాంగో అయింది. ఇంకో విచిత్రం ఏంటంటే పోర్చుగీసులో 'మంగ' అంటే చొక్కా చెయ్యి అని కూడా అర్థం. ఆ రెండు మాటలకీ సంబంధం లేదు, పలకడం మాత్రం ఒకటే. అంటే వాళ్లు మనకి బొత్తాం, కాజా ఇచ్చి మామిడి పేరు పట్టుకెళ్లారు. మా నూజివీడు చిన్నరసం తిన్నవాళ్లెవరైనా ఈ బేరంలో లాభం ఎవరికో చెప్పగలరు!

నానీ ఇజార్‌బంద్, నానా హమ్యానీ

మా నానీది బందరు. ఆమె పైజామా తాడుని నాడా అనదు, ఇజార్‌బంద్ అంటుంది. ఇజార్ అరబీ మాట, నడుము నుంచి కిందకి కట్టుకునే బట్ట. హజ్‌కి, ఉమ్రాకి వెళ్లే మగవాళ్లు ఇహ్రామ్‌లో కట్టుకునే కింది బట్ట పేరు కూడా ఇజారే. పైన కప్పుకునేది రిదా. ఇహ్రామ్ బట్టకి కుట్టు ఉండదు, గుండీ ఉండదు. డబ్బులు, కాగితాలు పెట్టుకునే బెల్టు మాత్రం కట్టుకోవచ్చని ఎక్కువమంది ఉలమా చెప్పారు. ఆ డబ్బుల బెల్టుకి అరబీలో 'హిమ్యాన్' అని పేరు. ఉర్దూలో అది 'హమ్యానీ'.

మా నానా మామిడి కమీషన్ వ్యాపారం చేసేవారు. సీజన్‌లో తెల్లారకముందే నున్న మార్కెట్‌కి బయల్దేరేవారు. లుంగీ మీద వెడల్పాటి తోలు బెల్టు, దానికి డబ్బుల అర. ఇంట్లో అందరూ బెల్టు అనేవాళ్లం, నానీ ఒక్కతే హమ్యానీ అనేది. అది ఆమె సొంతంగా పెట్టిన పేరేమో అనుకునేవాణ్ణి. వెయ్యేళ్లకి పైగా హాజీల నడుముకి ఉన్న మాట అని ఈ ఖాతా తీశాకే తెలిసింది.

నడికట్టుకి అరబీలో ఇంకో మాట 'నితాఖ్'. ఈ మాట మనలో చాలామందికి తెలియకుండానే తెలుసు. హిజ్రత్ సమయంలో, 622లో, దైవప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మదీనాకి బయల్దేరుతుంటే, హజ్రత్ అస్మా (రజి) వాళ్ల కోసం భోజనం మూట సిద్ధం చేశారు. కట్టడానికి తాడు దొరకలేదు. తన నడికట్టుని రెండుగా చింపి ఒక ముక్కతో భోజనం సంచి, రెండో దానితో నీళ్ల తిత్తి కట్టారు. అందుకే ఆమెకి 'జాతున్నితాఖైన్', రెండు నడికట్లున్న ఆమె, అని పేరు వచ్చింది. మా మేనకోడలికి ఈ కథ ముందే తెలుసు. నితాఖ్ అంటే బెల్టు లాంటిదని మాత్రం తెలియదు.

కమీజు సంగతి కూడా చెప్పాలి. ఖురాన్‌లో సూరా యూసుఫ్‌లో యూసుఫ్ (అలై) చొక్కాకి వచ్చే మాట ఖమీస్. మన కమీజు, పోర్చుగీసు కమీజా, ఫ్రెంచి షెమీజ్, లాటిన్ కమీసియా అన్నీ ఒకే కుటుంబం మాటలని భాషా శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు.

ఇవన్నీ ఇలా ఉంటే, అచ్చ తెలుగులోనూ బిగించే మాటలకి కొదవలేదు. బొందు, మొలతాడు, దట్టీ, కొంగుముడి, గోచీ. ముడుల్లో మళ్లీ లాగితే ఊడే జారుముడి, ఎంత లాగినా ఊడని పీటముడి. ఏదైనా పనికి సిద్ధమైతే తెలుగులో నడుం బిగించాడు అంటాం, ఉర్దూలో కమర్ కస్నా అంటాం. ఇంగ్లీషువాళ్లూ నడుము కట్టడమనే అంటారు. ఎక్కడైనా మనిషి పనిలోకి దిగేముందు చేసేది ఒకటే.

ముడి ఎటు వైపు?

బట్ట కట్టుకునే తీరులో మతం తేడా కూడా ఒకప్పుడు ఉండేది. మొగలుల కాలంలో పక్కకి మడిచి కట్టే జామాని ముస్లింలు కుడి వైపు, హిందువులు ఎడమ వైపు ముడేసుకునేవాళ్లు. పాత చిత్రపటాల్లో మనిషి ఎవరో గుర్తుపట్టడానికి చరిత్రకారులు ఈ ముడిని కూడా చూస్తారు.

కానీ బట్ట మాత్రం ఇద్దరిదీ ఒకటే. శ్రీ సత్యసాయి జిల్లా లేపాక్షిలో వీరభద్ర ఆలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో విజయనగర పెద్దలు పొడుగు చేతుల అంగీ, నెత్తిన ఎత్తైన టోపీ పెట్టుకుని కనిపిస్తారు. తెలుగులో వాటి పేర్లు కబాయి, కుళ్లాయి. కబాయి అరబీ 'ఖబా' నుంచి, కుళ్లాయి ఫార్సీ 'కులాహ్' నుంచి వచ్చాయి. శ్రీనాథుడంతటి కవి 15వ శతాబ్దంలో కన్నడ రాజు కొలువుకి కుళ్లాయి పెట్టుకుని వెళ్లిన సంగతి చాటు పద్యంలో చెప్పుకున్నాడు. శ్రీనాథుడి కుళ్లాయి తెలుగైనప్పుడు, మా పిల్ల గుండీ ఎందుకు కాదు?

టైలర్ చాచా దగ్గర

ఇంత చదివాక మా సెంటర్‌లో పాత టైలర్ చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర ఒక పాత షేర్వాణీ బాగుచేయించే పని కూడా ఉంది. చేతిలోకి తీసుకుని చూసి, "కాజా పెట్టాలా బేటా, తుక్మా పెట్టాలా?" అని అడిగారు. వారం కిందటైతే నాకా ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

ఆయన ఒక గుడ్డ ముక్కని ఏటవాలుగా కోసి, సన్నగా మడిచి కుట్టి డోరీ చేశారు. దాన్ని వేళ్ల మీద చుట్టి, లోపల్నుంచి తీసి, లాగి గట్టి గుండు చేశారు. అదే ఘుండీ. నిండా ఐదు నిమిషాలు పట్టలేదు. పెళ్లికొడుకు కుర్తాకి పెట్టే గొలుసు గుండీలు, రవికెకి హుక్కు, చిన్నపిల్లల గౌనుకి టిచ్ బటన్, జిప్పు అన్నీ వరసగా చూపించారు. జిప్పు వీటన్నిటిలో చిన్నది. దానికి ఆ పేరు 1923లో అమెరికాలో ఒక రబ్బరు బూట్ల కంపెనీ పెట్టింది. పిన్నీసు దానికన్నా పెద్దది. ఇప్పుడు మనం వాడే మూతి మూసుకునే పిన్నీసుకి 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని నాలుగు వందల డాలర్లకి అమ్మేసుకున్నాడు. కామర్స్ క్లాసులో చెప్పాల్సిన పాఠం అది.

"ఈ పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా చాచా?" అని అడిగా. నవ్వి ఊరుకున్నారు. ఆయన ఇద్దరు కొడుకులూ వేరే పనుల్లో ఉన్నారు. రెడీమేడ్ వచ్చాక కొత్త బట్టలు కుట్టించేవాళ్లు తగ్గారు. ఇప్పుడు ఎక్కువగా పొడుగు తగ్గించడం, జిప్పు మార్చడం, ఊడిన గుండీ వేయడం. "గుండీ వేయడానికి కూడా నా దగ్గరికే వస్తున్నారంటే ఇళ్లల్లో సూది దారం లేవన్నమాట" అన్నారు. ఆ మాట నాకూ తగిలింది. మా ఇంట్లో ఉన్నాయి గానీ సూదిలో దారం ఎక్కించడం నాకు రాదు.

పని పోయినప్పుడు దాని మాటా పోతుంది. తుక్మా కుట్టేవాళ్లు లేకపోతే తుక్మా అనే మాట ఎవరికీ అక్కర్లేదు. పాత ఫ్రెంచి మాటలు బెల్టుల సంఘం కాగితాల్లో, పిల్లల పద్యాల పుస్తకంలో రాసి ఉన్నాయి కాబట్టి ఏడు వందల ఏళ్ల తర్వాత మనకి దొరికాయి. మా చాచా మాటలు ఎక్కడా రాసి లేవు.

చివరికి ఏమైంది

స్కూలుకి వెళ్లి అడుగుదామని ఆపా అంది. వద్దన్నాను. టీచరమ్మ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఆమెకి ఎవరో చెప్పింది ఆమె చెప్పింది. దానికి బదులు నేనూ మేనకోడలూ కూర్చుని ఒక పేజీ రాశాం. ఎడమ వైపు మాట, కుడి వైపు అది ఎక్కడి నుంచి వచ్చిందో. బొత్తాం, బటన్, గుండీ, కాజా, తుక్మా, నాడా, బొందు, ఇజార్‌బంద్, కమర్‌బంద్, హమ్యానీ, పటకా, బకిల్. కింద మ్యాంగో కూడా రాసింది, అది తన సొంత ఆలోచన.

టీచరమ్మ మొత్తం చదివారట. "మా ఇంట్లో మేమూ గుండీ అనే అంటాంలే" అన్నారట. మార్కు మాత్రం కలపలేదు. పరీక్షలో బొత్తాము అనే రాయమన్నారు. సరే, పరీక్ష లెక్క పరీక్షది. పిల్ల మాత్రం ఇంట్లో మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది. నాకు అది చాలు.

మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి మాటలు ఉంటాయి. దాదీనో నానీనో ఉన్న ఇల్లైతే ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒక పాత నోటుబుక్కు తీసుకుని, ఆదివారం ఒక అరగంట వాళ్ల దగ్గర కూర్చోండి. బట్టల మాటలు, వంట సామాను మాటలు, పొలం మాటలు అడిగి రాసుకోండి. పిల్లల చేతే రాయించండి. అది ఉర్దూనా, తెలుగా అని అప్పుడే విడగొట్టకండి, ముందు రాయండి. అలాగే ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఇద్దరికీ గుండీ కుట్టడం నేర్పండి. నేను పోయిన శుక్రవారం నేర్చుకున్నా. మూడుసార్లు వేలికి గుచ్చుకుంది, నాలుగోసారి నిలిచింది.